సంచి తప్పిన తరువాత

పెద్దపేగు చివర, మలద్వారానికి ఎగువన, సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున ఉండే భాగాన్ని వైద్యశాస్త్రం పురీషనాళం అంటుంది. వాడుకలో దానికి మలాశయం అన్న పేరూ ఉంది. ఆ భాగంలో క్యాన్సర్ వచ్చిందని, శస్త్రచికిత్స తప్పదని తెలియగానే రోగీ అతని కుటుంబమూ అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే: ప్రాణానికి ఫరవాలేదా, పొట్ట మీద సంచి పెడతారా. ఈ రెండింటికీ అనుకూలమైన జవాబు దొరికితే గండం గడిచినట్టేనని అందరూ ఊపిరి పీల్చుకుంటారు, మూడో ప్రశ్న ఎవరికీ తట్టదు. పేగు కోసి మళ్ళీ అతికిన మనిషి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరి, పొలానికో ఆఫీసుకో వెళ్ళి, బస్సెక్కి, పెళ్ళిపందిట్లో నలుగురి సరసన కూర్చుని భోంచేసి, రాత్రి కంటినిండా నిద్రపోగలడా అన్నదే ఆ మూడో ప్రశ్న. బతికి బట్టకట్టడం ఎంత ముఖ్యమో, ఆ కట్టిన బట్టతో నలుగురిలోకి నిర్భయంగా వెళ్ళగలగడం కూడా అంతే ముఖ్యం కనుక, ఈ ప్రసంగం ఆ మూడో ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

ఈ ప్రశ్న ఇంత ఆలస్యంగా ముందుకు రావడానికి కారణం ఈ శస్త్రచికిత్స నడిచివచ్చిన చరిత్రలోనే కనిపిస్తుంది. 1908లో లండన్‌కు చెందిన ఎర్నెస్ట్ మైల్స్ ప్రకటించిన పద్ధతిలో, కణితి ఉన్న పురీషనాళాన్నీ దాని దిగువనున్న మలద్వారాన్నీ చుట్టుపక్కల కణజాలంతో సహా పొట్ట వైపు నుంచీ పిరుదుల నడిమి నుంచీ కోసి పూర్తిగా తొలగించి, మిగిలిన పెద్దపేగు కొసను పొట్ట చర్మానికి కుట్టేవారు. అలా పొట్ట మీద తెరిచిన ద్వారమే కొలాస్టమీ. మలం దానికి అతికించిన సంచిలో పడుతుంది. రోగి ఆ తరువాత ఎలా కాలం గడిపాడన్నది ఆనాటి లెక్కల్లోకి రాలేదంటే ఆ వైద్యులను తప్పుపట్టనక్కరలేదు, ఎందుకంటే అప్పటికి ప్రాణం దక్కడమే గొప్ప. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన క్లాడ్ డిక్సన్, కణితి పైభాగంలో ఉన్నవారికి మలద్వారాన్ని అలాగే ఉంచి పేగు కొసలను కలపవచ్చునని తన రోగుల ఫలితాలతో చూపాడు. 1970ల తరువాత వాడుకలోకి వచ్చిన గుండ్రని స్టేప్లర్‌ను మలద్వారం గుండా లోపలికి పంపి, రెండు పేగు కొసలను సన్నని లోహపు కొక్కేలతో వలయంగా ఒక్కసారే బిగించడం వీలయ్యాక, చేతికి అందని లోతులో కూడా అతుకు సాధ్యమైంది. 1982లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ పట్టణపు శస్త్రవైద్యుడు బిల్ హీల్డ్, పురీషనాళాన్ని చుట్టి ఉండే కొవ్వు పొరను, అంటే మీసోరెక్టమ్‌ను, దాని సహజమైన తొడుగు చిరగకుండా మొత్తంగా వెలికితీస్తే వ్యాధి అదే చోట తిరగబెట్టడం బాగా తగ్గుతుందని వాదించగా, తరువాతి దశాబ్దాల్లో ఆ పద్ధతే ప్రమాణమైంది. ఈ వరుస మార్పుల ఫలితంగా, ఒకప్పుడు జీవితాంతం సంచి మోయవలసిన ఎందరికో నేడు మలద్వారం దక్కుతోంది. అయితే మలద్వారం దక్కినంత మాత్రాన దాని పని కూడా దక్కినట్టేనా అన్న సంగతి రోగులు నోరు విప్పడం మొదలుపెట్టిన తరువాతనే వైద్యలోకానికి అందింది.

పురీషనాళాన్ని ఉత్త గొట్టంగా తలచడం వల్లనే ఈ పొరపాటు జరిగింది. పైనుంచి మలం వచ్చి చేరినప్పుడు దాని గోడ సాగి, ఒత్తిడి పెరగకుండా చోటిస్తుంది. ఎంత చేరిందో లోపలి నాడులు మెదడుకు తెలుపుతాయి. వెళ్ళడానికి వీలులేని సమయమైతే ఆ సందేశం కొంతసేపటికి దానంతటదే మరుగున పడుతుంది. ఇంతకంటే సూక్ష్మమైన పని ఇంకొకటి ఉంది. పురీషనాళం కొద్దిగా నిండినప్పుడల్లా మలద్వారాన్ని మూసి ఉంచే రెండు వలయ కండరాలలో లోపలిది, మనిషి అదుపులో లేనిది, ఒక్క క్షణం సడలుతుంది. ఆ క్షణంలో లోపలి పదార్థం కొద్దిగా కిందికి జారి మలద్వారపు సున్నితమైన పొరను తాకుతుంది. వచ్చింది గాలా, ద్రవమా, గట్టి మలమా అన్నది ఆ పొర గుర్తించేలోగా బయటి కండరం, మనిషి అదుపులో ఉన్నది, బిగిసి ఆపుతుంది. వైద్యులు దీనిని నమూనా చూసే ప్రతిచర్య అని పిలుస్తారు. గుళ్ళో ప్రదక్షిణం చేస్తున్న మనిషికైనా, తరగతి గదిలో పాఠం చెబుతున్న ఉపాధ్యాయునికైనా రోజుకు ఎన్నోసార్లు, వారికి తెలియకుండానే, ఈ పరీక్ష జరిగి ముగుస్తూ ఉంటుంది.

శస్త్రచికిత్స తరువాత ఆ స్థానంలోకి దించి అతికిన పేగు ఈ విద్య ఎరగదు. అది సన్నది, సాగే గుణం తక్కువది, పైగా మలాన్ని ముందుకు తోయడమే తప్ప నిలవ ఉంచడం దానికి అలవాటు లేదు. అతుకు ఎంత కిందికి పడితే నిలవకు అంత చోటు తగ్గుతుంది. కోతలో కొన్ని నాడులు తెగవచ్చు. పరికరం దూర్చినప్పుడు లోపలి కండరం దెబ్బతినవచ్చు. నమూనా చూసే ప్రతిచర్య నెలల తరబడి, కొందరిలో శాశ్వతంగా, మొద్దుబారవచ్చు. వీటన్నిటి వల్ల పుట్టే లక్షణాల సముదాయానికి, ఆ శస్త్రచికిత్స పేరు మీదుగానే, లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్ అని పేరు పెట్టి, క్లుప్తంగా లార్స్ అంటున్నారు. 2020లో రోగులను కూడా సమాన భాగస్వాములుగా కూర్చోబెట్టుకుని కుదిర్చిన అంతర్జాతీయ నిర్వచనం, ఎనిమిది లక్షణాలతో పాటు వాటి వల్ల బతుకులో వచ్చే ఎనిమిది పర్యవసానాలను కూడా పేర్కొని, లక్షణం ఒకటి, పర్యవసానం ఒకటి కలిసి ఉంటేనే లార్స్ అనాలని చెప్పింది. మరుగుదొడ్డికి కట్టుబడిపోవడం, ధ్యాసంతా పేగు మీదనే ఉండటం, దాంపత్యం దెబ్బతినడం వంటి మాటలు ఒక రోగ నిర్వచనంలోకి ఎక్కడం సామాన్యమైన మార్పు కాదు.

దీనిని కొలవడానికి 2012లో డెన్మార్క్ పరిశోధకులు ఎమ్మెర్ట్‌సెన్, లార్‌బెర్గ్‌లు తయారుచేసిన ప్రశ్నపత్రం చిన్నది, అయిదే ప్రశ్నలు, కానీ దానిలోని మార్కుల పంపకాన్ని దగ్గరగా చూస్తే ఈ బాధ స్వరూపం మొత్తం తెలుస్తుంది. గ్యాసు ఆపుకోలేకపోవడానికి అత్యధికంగా 7 మార్కులు, పల్చని మలం జారిపోవడానికి 3, రోజుకు ఎన్నిసార్లు వెళ్ళవలసి వస్తుందన్నదానికి 5. వెళ్ళివచ్చిన గంటలోపే మళ్ళీ వెళ్ళవలసి రావడానికి 11. పరుగెత్తకపోతే ఆగదన్నంత తొందరకు 16. మొత్తం 42 కాగా, 20 వరకు వస్తే లార్స్ లేనట్టు, 21 నుంచి 29 వరకు స్వల్పం, 30 నుంచి తీవ్రం. ఈ మార్కులను ఎవరో ఊహించి వేయలేదు. ఏ లక్షణం రోగుల జీవన నాణ్యతను ఎంత కుంగదీస్తోందో వారినే అడిగి లెక్కగట్టి వేశారు. రోజుకు మూడుసార్లే వెళ్ళే మనిషిని, బట్టలు ఎన్నడూ పాడుకాని మనిషిని తీసుకుంటే, వారానికి ఒకసారైనా ఆగని తొందర, వారానికి ఒకసారైనా గంటలోపు రెండోసారి వెళ్ళవలసి రావడం, అప్పుడప్పుడు గ్యాసు ఆగకపోవడం, ఈ మూడూ ఉంటే అతని లెక్క 16, 11, 4 కలిపి 31కి చేరుతుంది. అంటే అతనిది తీవ్రమైన లార్సే. బయటికి చూసేవారికి మాత్రం అతను పూర్తిగా కోలుకున్న మనిషి.

ఇదే బృందం 2014లో వైద్య నిపుణులను, రోగులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, నిపుణులు మలం జారిపోవడాన్ని, ఎక్కువసార్లు వెళ్ళవలసి రావడాన్ని ఉన్నదానికంటే పెద్ద బాధలుగా ఊహించుకున్నారని, తొందరను, విడతలు విడతలుగా వెళ్ళవలసి రావడాన్ని తక్కువగా అంచనా వేశారని తేలింది. ఈ ఫలితంలో ఒక విషాదం ఉంది. వైద్యుడు గది తలుపు తీసి పిలిచి, మోషన్ ఆగుతోందా అని అడుగుతాడు. ఆగుతోందనే రోగి చెబుతాడు. అది అబద్ధం కాదు, కానీ ఆ ఆగడం కోసం అతను ఇంట్లో ఒకే గదికి అతుక్కుపోయి, ప్రయాణం ఉన్న రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టక, ఎక్కడికి వెళ్ళినా ముందు బాత్రూం ఎటుందో వెతుక్కుంటూ బతుకుతున్నాడన్న సంగతి ఆ ప్రశ్నకు సమాధానంగా బయటికి రాదు. ఒకసారి కూర్చుంటే తెమలదని, లేచి వచ్చి పంచె సర్దుకునేలోపే మళ్ళీ పిలుపు వస్తుందని, తెల్లవారాక నాలుగు గంటలూ అలాగే గడిచిపోతాయని రోగులు తమలో తాము చెప్పుకుంటారు తప్ప, అడగనిదే వైద్యుడితో చెప్పరు.

ఈ బాధ ఎందరికి అంటే, పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణల్లో మలద్వారం నిలుపుకున్నవారిలో సుమారు 41 శాతం మందికి తీవ్రమైన లార్స్ ఉన్నట్టు లెక్క వచ్చింది. మొదటి సంవత్సరం పాటు క్రమంగా మెరుగు కనిపిస్తుంది. ఏడాది, రెండేళ్ళు గడిచాక మిగిలినది చాలావరకు అలాగే ఉండిపోతుంది. కాలమే నయం చేస్తుందన్న ఓదార్పు మొదటి ఏడాదికే వర్తిస్తుందని, ఆ తరువాత కూడా అదే మాట చెబుతూ పోవడం చికిత్సను వాయిదా వేయడమే అవుతుందని గుర్తించాలి.

అతుకు ఎత్తు తరువాత లార్స్ మీద ఎక్కువ ప్రభావం చూపేది రేడియేషన్. పల్లెల్లో కరెంటు పెట్టడం అని పిలిచే ఈ చికిత్సను శస్త్రచికిత్సకు ముందు ఇస్తే కణితి కుంచించుకుపోతుంది, వ్యాధి అదే చోట తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో 1,800 మందికి పైగా రోగులతో జరిగిన ప్రసిద్ధ ప్రయోగంలో, అందరికీ హీల్డ్ పద్ధతిలోనే శస్త్రచికిత్స చేయగా, రెండేళ్ళలో కటి భాగంలో వ్యాధి తిరగబెట్టినవారు రేడియేషన్ లేని వర్గంలో 8.2 శాతం, రేడియేషన్ పొందిన వర్గంలో 2.4 శాతం అని 2001లో ప్రకటించారు. అదే ప్రయోగంలోని వారిని సుమారు పద్నాలుగేళ్ళ తరువాత పలకరించి చూస్తే, శస్త్రచికిత్స మాత్రమే పొందినవారిలో 35 శాతం మందికి, రేడియేషన్ కూడా పొందినవారిలో 56 శాతం మందికి తీవ్రమైన లార్స్ కనిపించింది. ఈ రెండు జతల అంకెలనూ పక్కపక్కన పెట్టి రోగికి వినిపించకుండా రేడియేషన్ మంచిదని గానీ చెడ్డదని గానీ చెప్పడం అర్ధసత్యమే. కణితి లోతుగా పాకినవారికి మొదటి జత బరువెక్కువ; తొలి దశలో, పైభాగంలో కణితి ఉన్నవారికి రెండో జత బరువెక్కువ. ముందుగా కీమోథెరపీ ఇచ్చి, కణితి బాగా లొంగిన కొందరికి రేడియేషన్‌ను మానుకోవచ్చునని 2023లో ప్రకటించిన ప్రాస్పెక్ట్ అనే అమెరికా ప్రయోగం చూపింది. బ్రెజిల్‌లోని సావో పాలోలో ఆంజెలిటా హబ్ర్ గామా 2004లో ఇంకా సాహసమైన దారి చూపింది: రేడియేషన్, కీమోథెరపీలతో కణితి ఆనవాలు లేకుండా కరిగిపోయినవారికి శస్త్రచికిత్స చేయకుండానే, తరచు పరీక్షిస్తూ కనిపెట్టి ఉండటం. అది అందరికీ కుదిరేది కాదు, పరీక్షలకు తప్పక వచ్చేవారికే తగినది.

శస్త్రచికిత్స ప్రభావం పేగు దగ్గరే ఆగకపోవచ్చు. పురీషనాళం వెనుకా పక్కలా వెన్ను అడుగుభాగం నుంచి సన్నని నాడులు జాలరి వలలా దిగుతాయి. వాటిలో కొన్ని మూత్రాశయానికి, కొన్ని జననాంగాలకు చేరతాయి. వాటిని కాపాడుతూ కోయడం నేటి శిక్షణలో భాగమే అయినా, కణితి వాటికి అంటుకుని ఉంటే కాపాడటం సాధ్యం కాదు. మూత్రం పూర్తిగా రాకపోవడం చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పురుషుల్లో అంగస్తంభన, వీర్యస్ఖలనం దెబ్బతినడం, స్త్రీలలో యోని పొడిబారి, రేడియేషన్ వల్ల ఇరుకై కలయిక బాధాకరం కావడం మాత్రం ఎక్కువ కాలం ఉండవచ్చు. భారతదేశంలో ఈ క్యాన్సర్ నడివయసు రాకముందే కనిపించే సందర్భాలు తక్కువేమీ కావు; పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవారికి చికిత్స మొదలుకాకముందే వీర్యం గానీ అండాలు గానీ భద్రపరచుకునే మార్గం చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే కటి భాగానికి రేడియేషన్ ఇచ్చాక అండాశయాలు పనిచేయడం మానవచ్చు. తెలుగు ఇళ్ళలో ఈ సంగతి భార్యాభర్తల మధ్య కూడా మాటల్లోకి రాదు కనుక, వైద్యుడే మొదటి మాట అనాలి. మాత్రలకు, పూతమందులకు లొంగే భాగం ఇందులో చాలా ఉంది.

ఇక్కడ సంచి గురించి కూడా న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. మలద్వారం నిలుపుకున్నవారి జీవన నాణ్యతకూ, శాశ్వత కొలాస్టమీ ఉన్నవారి జీవన నాణ్యతకూ మధ్య జరిగిన పోలికలను సమీక్షించిన కాక్రేన్ సంస్థ, సంచి ఉన్నవారి బతుకు తప్పనిసరిగా హీనమన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. సంచి వల్ల శరీరం మీద ఏవగింపు కలుగుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది, ఖర్చవుతుంది. కానీ తొందర ముంచుకొస్తుందేమోనని సంచి ఉన్న మనిషి బస్సెక్కడానికి భయపడడు. దీనికి తోడు, అతుకు మానేవరకు రక్షణగా చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి పెట్టే తాత్కాలిక ఇలియాస్టమీ ఒకటుంది. రెండు మూడు నెలల్లో దానిని మూసివేయాలన్నది ఉద్దేశం. ఆ కాలంలో ఒంట్లోని నీరూ ఉప్పూ ధారగా పోతాయి. కోస్తాలోనో తెలంగాణలోనో వేసవిలో ఈ దశ పడితే మూత్రపిండాలకే ముప్పు. అలాంటప్పుడు వట్టి నీళ్ళు ఎంత తాగినా చాలదు, ఉప్పు కూడా లోపలికి వెళ్ళాలి: ఓఆర్ఎస్ ద్రావణం, ఉప్పు వేసిన గంజి, పల్చని మజ్జిగ ఆ పని చేస్తాయి.

లార్స్‌కు చికిత్స ఉంది, అది మెట్లు మెట్లుగా సాగుతుంది. భోజనం కడుపులో పడగానే పెద్దపేగు కదలడం సహజం కనుక, కడుపు పగిలేలా ఒక్కసారే తినకుండా కొద్దికొద్దిగా వేళకు తింటే తొందర తీవ్రత తగ్గుతుంది. భయంతో అసలు తినకుండా ఉండటం పేగును ఇంకా చిందరవందర చేస్తుంది. అన్నం, అరటిపండు మలాన్ని ముద్దగా కట్టిస్తాయి. ఇసబ్‌గోల్ పొట్టు కూడా అదే పని చేస్తుంది. కొత్తావకాయ, పచ్చిమిరప కారం లోపలి పొరకు మంట పుట్టించి, ఒరిసిపోయిన చర్మాన్ని మరింత మండిస్తాయి. అందుకని జీవితాంతం చప్పిడి తినాలని ఎవరూ శాసించనక్కరలేదు, ఏది పడటం లేదో ఒక నోటుపుస్తకంలో రెండు వారాలు రాసుకుంటే ఎవరి పథ్యం వారికే తెలుస్తుంది. పేగు వేగాన్ని తగ్గించే లోపెరమైడ్ మాత్రను వైద్యుని సలహా మీద భోజనానికి అరగంట ముందు వేసుకుంటే పెళ్ళికో ప్రయాణానికో వెళ్ళే ధైర్యం వస్తుంది. మలద్వారపు కండరాన్ని బిగించి, పట్టి, వదిలే వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుని నెలల పాటు చేస్తే ఆపుకునే శక్తి మెరుగుపడుతుంది. నీటితో కడుక్కునే అలవాటు ఒరిసిన చర్మానికి కాగితం కంటే మేలే. అయితే రోజుకు పదిసార్లు గొంతుకూర్చోవడం మోకాళ్ళకు భారం కనుక, ఇంట్లో కుర్చీ కమోడ్ ఒకటి అమర్చుకోవడం కొందరికి మందుతో సమానం.

వీటికి లొంగనివారికి ఉన్న మార్గాలలో అంతగా ప్రచారం లేనిది మలద్వారం గుండా నీటితో పేగును కడగడం. మెత్తని గొట్టం ద్వారా గోరువెచ్చని నీటిని నెమ్మదిగా లోపలికి పంపి, కమోడ్ మీద కూర్చుని వదిలితే పెద్దపేగు దిగువ భాగం ఒక్కసారే ఖాళీ అయి, తరువాత ఒకరోజు, కొందరికి రెండురోజులు కూడా, పేగు తొందర పెట్టదు. పొద్దున గంటసేపు దీనికి కేటాయిస్తే మిగతా రోజంతా తమదవుతుందని దీనికి అలవాటుపడినవారు చెబుతారు. పేగుకు చిల్లుపడే ప్రమాదం అరుదుగానైనా ఉంది కాబట్టి, శిక్షణ పొందిన నర్సు దగ్గరుండి నేర్పిన తరువాతనే ఇంట్లో మొదలుపెట్టాలి. ఇదీ సరిపోకపోతే వెన్ను అడుగున ఉన్న త్రికాస్థి రంధ్రం గుండా సన్నని తీగను పంపి నాడులను విద్యుత్తుతో ప్రేరేపించే పద్ధతి ఉంది; ఖరీదైనది, అందరిలో ఫలించేదీ కాదు.

ఇన్ని చేసినా తెమలక, సంవత్సరాల తరబడి గడపలోపలే మిగిలిపోయినవారిలో కొందరు, మొదట ఏ సంచిని తప్పించుకోవడానికి అంత ఆరాటపడ్డారో ఆ సంచినే కోరి పెట్టించుకుంటారు. ఆ నిర్ణయాన్ని ఓటమిగా చూసే వైద్యులున్నారు, బంధువులున్నారు. ఆ కొలాస్టమీతో మళ్ళీ బజారుకు, బడికి, కూతురి ఊరికి వెళ్ళగలిగిన మనిషి మాత్రం దానిని అలా చూడడు. అందుకు సిద్ధపడినవారికి శస్త్రచికిత్సకు ముందురోజు స్టోమా నర్సు, అంటే పొట్ట మీది ద్వారం సంగతి చూసే నర్సు, చేసే పని ఒకటుంది: రోగిని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని, చీర కుచ్చెళ్ళు దోపుకునే చోటో పంచె ముడిపడే చోటో ప్యాంటు బెల్టు ఒరుసుకునే చోటో తప్పించి, ముడతలు పడని చర్మం మీద, రోగి తన కళ్ళతో తాను చూసుకోగలిగే చోట, చెరగని సిరాతో ఒక గుర్తు పెడుతుంది. మర్నాడు శస్త్రవైద్యుడు కొలాస్టమీని ఆ గుర్తు మీదనే తెరుస్తాడు.